మేజర్ గోల్ఫ్ ఆఖరి రౌండును నోటుపుస్తకంలో రాసుకోవడం ఎలా: 2025 మాస్టర్స్ లెక్కతో

టీ20లో మూడు ఓవర్లు మిగిలి ఉండగా ఎన్ని బంతులకు ఎన్ని పరుగులు కావాలో విజయనగరంలో పదేళ్ల పిల్లాడైనా నోటిలెక్కతో చెప్పేస్తాడు. గోల్ఫ్ లీడర్‌బోర్డు చూపిస్తే మాత్రం పెద్దవాళ్లు కూడా ఫోను తిరిగి ఇచ్చేస్తారు. అందులో ఉన్నది కూడికలు, తీసివేతలే. వాటిని దగ్గరుండి ఒకసారి చూపించేవాళ్లు ఉంటే చాలు, మిగతాది అలవాటు మీద వస్తుంది.

కావలసిన సామాను ఇంతే: ఒక లాంగ్ నోట్‌బుక్, స్కేలు, ఎర్ర పెన్ను, ఆకుపచ్చ పెన్ను, గళ్లు గీయడానికి పెన్సిలు, లీడర్‌బోర్డు తెరుచుకునే ఒక ఫోను. అభ్యాసానికి 2025 ఏప్రిల్ 10 నుంచి 13 వరకు అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, అగస్టా నేషనల్ క్లబ్బులో జరిగిన మాస్టర్స్ తీసుకుందాం. ఏటా జరిగే నాలుగు పెద్ద గోల్ఫ్ టోర్నీలను మేజర్లంటారు: మాస్టర్స్, పీజీఏ చాంపియన్‌షిప్, యూఎస్ ఓపెన్, బ్రిటన్ వైపు జరిగే ఓపెన్. నాలుగు రోజులు, రోజుకొక రౌండు, తక్కువ షాట్లు ఆడినవాడిదే గెలుపు. రోరీ మెకిల్రాయ్, జస్టిన్ రోజ్ అనే ఇద్దరు ఆటగాళ్లూ నాలుగు రోజుల్లో సరిగ్గా 277 షాట్లు ఆడారు. సమమైనప్పుడు ఆడే అదనపు ఆటలో, అంటే ప్లేఆఫ్‌లో, మొదటి హోల్‌లోనే మెకిల్రాయ్ గెలిచాడు. (బంతిని కొట్టడం మొదలుపెట్టి గుంతలో వేసేదాకా ఒక హోల్, రౌండుకు అలాంటివి 18.) లెక్క నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి రౌండు దొరకదు, ఎందుకంటే ఆ రోజు ఆధిక్యం పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది.

ముందే ఒక మాట. లీడర్‌బోర్డులో పైన ఎవరున్నారన్నది సగం సమాచారమే. ఎవరికి ఇంకా ఏ హోల్స్ మిగిలాయన్నది రెండో సగం. ఈ రెండో సగం తెర మీద కనిపించదు. దాన్ని మీరే రాసుకోవాలి, నోటుపుస్తకం అందుకే.

టైము లెక్క

ఏప్రిల్‌లో అగస్టా గడియారం మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనక ఉంటుంది. ఆదివారం ఆఖరి జోడీ అక్కడ మధ్యాహ్నం 2:30కి మొదలైంది. మనకది ఆదివారం రాత్రి సరిగ్గా 12 గంటలు, అంటే క్యాలెండరులో సోమవారం వచ్చేసింది. ఇద్దరేసి ఆడే గ్రూపు 18 హోల్స్ పూర్తిచేయడానికి సుమారు నాలుగున్నర గంటలు పడుతుంది, హోల్‌కి పావుగంట చొప్పున. కాబట్టి ఆఖరి జోడీ 10వ హోల్‌కి చేరేసరికి మనకు రాత్రి రెండుంపావు, 13 దాటేసరికి మూడుంపావు, 18 ముగిసేసరికి నాలుగున్నర. ఆ ఏడాది సోమవారం ఏప్రిల్ 14, అంబేడ్కర్ జయంతి సెలవు, కాబట్టి మేలుకొని చూసినవాళ్లకు తెల్లారి ఆఫీసు బాధ లేకపోయింది. అన్ని సంవత్సరాలూ అలా కలిసిరాదు.

ఫోనులోనే వీడియో చూసేవాళ్లు డేటా లెక్క కూడా వేసుకోవాలి. మధ్యరకం నాణ్యతతో గంటకు సుమారు అర జీబీ నుంచి ముప్పావు జీబీ అవుతుంది. రోజుకు 2 జీబీ ప్యాకు ఉన్నవాళ్లకు అది మూడు గంటలకు సరిపోతుంది, అంతే. రోజువారీ ప్యాకు అర్ధరాత్రి 12కి కొత్తగా మొదలవుతుంది, ఆఖరి జోడీ కూడా అప్పుడే మొదలవుతుంది. కాబట్టి మొదటి తొమ్మిది హోల్స్‌కి లీడర్‌బోర్డు మాత్రం చూసుకుని, 10వ హోల్ నుంచి వీడియో పెట్టుకోవడం మేలు. ఆట తేలేది కూడా అక్కడి నుంచే. ఏప్రిల్‌లో సాయంత్రం గాలివాన వస్తే కరెంటు పోవడం మనకు మామూలే, ఫోను రాత్రి పదిలోపే నిండా చార్జి చేసి పెట్టుకోండి. చూడలేకపోయినా నష్టం లేదు, మాస్టర్స్ అధికారిక యాప్‌లో ప్రతి ఆటగాడి ప్రతి షాటూ వీడియోగా వస్తుంది. పొద్దున లేచాక కూడా పేజీ నింపుకోవచ్చు.

పార్ అంటే ఏమిటో అరచేతిలోకి తెచ్చుకోవడం

ఒక హోల్‌ను మంచి ఆటగాడు ఎన్ని షాట్లలో ముగించాలో ముందే నిర్ణయించిన సంఖ్య పార్. గ్రీన్ (గుంత చుట్టూ నున్నగా కోసిన గడ్డి) మీద రెండు పట్‌లు (బంతిని నేలమీద దొర్లించే షాట్లు) పడతాయని లెక్క. అంటే పార్ 3 హోల్‌లో మొదటి షాట్‌కే గ్రీన్ చేరాలి, పార్ 4లో రెండో షాట్‌కి, పార్ 5లో మూడో షాట్‌కి. పార్ కంటే ఒకటి తక్కువైతే బర్డీ, రెండు తక్కువైతే ఈగల్, ఒకటి ఎక్కువైతే బోగీ, రెండు ఎక్కువైతే డబుల్ బోగీ.

అగస్టాలో పార్ మొత్తం 72, 2025లో పొడవు 7,555 గజాలు. నాలుగు రౌండ్లకు పార్ 288. ఎవరి మొత్తంలోంచి 288 తీసేస్తే వచ్చేదే లీడర్‌బోర్డు మీద కనిపించే మైనస్ లేదా ప్లస్. 277 అంటే మైనస్ 11.

దూరాలు కాగితం మీద ఒంటబట్టవు, కాళ్లతో కొలిస్తేనే తెలుస్తాయి. 12వ హోల్ 155 గజాలు, అంటే 142 మీటర్లు. అడుగు ముప్పావు మీటరు చొప్పున 190 అడుగులు. పొద్దున విజయనగరం అయోధ్య మైదానంలో నడిచేవాళ్లు ఒక చెట్టు దగ్గర మొదలుపెట్టి 190 అడుగులు వేసి వెనక్కి తిరిగి చూడండి. అంత దూరం నుంచి, ముందు వాగు ఉన్న సన్నటి గ్రీన్ మీద బంతి నిలపాలి. 18వ హోల్ 465 గజాలు, 425 మీటర్లు. 400 మీటర్ల రన్నింగ్ ట్రాక్ ఒక చుట్టు పూర్తిచేసి ఇంకో 25 మీటర్లు వెళ్తే అది. దాన్ని రెండు షాట్లలో చేరుకుంటారు. నిజమైన ఫెయిర్‌వే (గ్రీన్ దాకా సాగే కోసిన గడ్డి దారి), గ్రీన్ కంటితో చూడాలంటే మనకు దగ్గర్లో ఉన్నది విశాఖలోని ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్.

పేజీ గీసుకోవడం

నోటుబుక్‌ను అడ్డంగా తిప్పండి. ఎడమ నుంచి కుడికి 1 నుంచి 18 వరకు గళ్లు గీసి, 9 తర్వాత ఒకటి, 18 తర్వాత ఒకటి కూడిక గళ్లు వదలండి. పై వరసలో హోల్ నంబరు, రెండో వరసలో పార్, మూడో వరసలో గజాలు. 2025లో అగస్టా లెక్క ఇది:

1 నుంచి 9 వరకు పార్: 4, 5, 4, 3, 4, 3, 4, 5, 4. మొత్తం 36.
గజాలు: 445, 585, 350, 240, 495, 180, 450, 570, 460. మొత్తం 3,775.

10 నుంచి 18 వరకు పార్: 4, 4, 3, 5, 4, 5, 3, 4, 4. మొత్తం 36.
గజాలు: 495, 520, 155, 545, 440, 550, 170, 440, 465. మొత్తం 3,780.

గజాలు రాశాక కూడి చూడండి, 7,555 రావాలి. రాకపోతే ఎక్కడో గడి జరిగిపోయినట్టే.

దాని కింద ఒక్కో ఆటగాడికి రెండేసి వరసలు. పై వరసలో ఆ హోల్‌లో ఆడిన షాట్లు, కింది వరసలో టోర్నీ మొత్తానికి అప్పటి మైనస్ లేదా ప్లస్. చాలామంది పై వరస ఒక్కటే రాసి, కింది వరసను మనసులో ఉంచుకుందామనుకుంటారు. అర్ధరాత్రి రెండు దాటాక ఆ లెక్క మనసులో నిలవదు. రెండూ రాయండి. బర్డీకి అంకె చుట్టూ సున్నా, ఈగల్‌కి రెండు సున్నాలు, బోగీకి చదరం, డబుల్ బోగీకి రెండు చదరాలు. ఇది ప్రపంచమంతా స్కోరుకార్డుల్లో నడిచే పద్ధతే. కింది వరసలో పార్ కంటే తక్కువుంటే ఎర్ర పెన్ను, పార్‌తో సమానమైనా ఎక్కువైనా ఆకుపచ్చ. అగస్టాలో చేత్తో మార్చే పెద్ద బోర్డుల మీద రంగులు కూడా ఇవే, కాబట్టి టీవీలో బోర్డు కనిపించినప్పుడు మీ పేజీతో పోల్చి చూసుకోవచ్చు.

ఎంతమందిని రాయాలి? ముగ్గురు చాలు: ముందున్నవాడు, అతని జోడీ, వెనకనుంచి దూసుకొస్తున్నవాడు. నాలుగో వరస ఖాళీగా ఉంచితే అందులో మనవాళ్లను రాసుకోవచ్చు. తెలుగు కుటుంబంలో పుట్టిన సాహిత్ తీగల 2023 మాస్టర్స్‌లో సంయుక్తంగా 9వ స్థానంలో నిలిచాడు. శుభంకర్ శర్మ అదే ఏడాది ఓపెన్‌లో సంయుక్తంగా 8, అనిర్బన్ లాహిరి 2015 పీజీఏ చాంపియన్‌షిప్‌లో సంయుక్తంగా 5. ఆ నాలుగో వరస నిండిన రోజు నిద్ర దానంతటదే పోతుంది.

లీడర్‌బోర్డు గళ్లు

పేరు పక్కన వరసగా స్థానం, టోర్నీ మొత్తం, ఈ రోజు స్కోరు, ఎన్ని హోల్స్ పూర్తయ్యాయి అనే గళ్లుంటాయి. స్థానం ముందు టీ అక్షరం ఉంటే ఆ స్థానంలో ఒకరికంటే ఎక్కువమంది ఉన్నారని. హోల్స్ గడిలో ఎఫ్ ఉంటే రౌండు ముగించాడని. ఆ గడిలో 12 అని ఉంటే 12 పూర్తయ్యాయని, 12వ హోల్ ఆడుతున్నాడని కాదు. ఇక్కడే కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడతారు. అంకె పక్కన నక్షత్రం గుర్తు ఉంటే 10వ హోల్ నుంచి మొదలుపెట్టాడని అర్థం, అతనికి 12 పూర్తయ్యాయంటే మిగిలినవి 4 నుంచి 9 వరకు ఉన్న హోల్స్. యూఎస్ ఓపెన్, పీజీఏలలో మొదటి రెండు రోజులూ ఈ గుర్తు కనిపిస్తుంది.

రెండు రౌండ్ల తర్వాత కోత పడుతుంది. మాస్టర్స్‌లో మొదటి 50 స్థానాలు, 50వ స్థానంతో సమానంగా ఉన్నవాళ్లు మిగులుతారు. 2025లో ఆ గీత ప్లస్ 2 దగ్గర పడింది, అంటే 146. యూఎస్ ఓపెన్‌లో 60 స్థానాలు, ఓపెన్, పీజీఏలలో 70. కోత తర్వాత ఇద్దరేసి జోడీలుగా, స్కోరు ఎక్కువున్నవాళ్లు ముందు, ఆధిక్యంలో ఉన్నవాళ్లు ఆఖరున బయలుదేరతారు. అందువల్ల వెనకబడినవాడు మంచి రౌండు ఆడితే ముందే ముగించి క్లబ్‌హౌస్‌లో కూర్చుంటాడు, ముందున్నవాడు ఆ అంకెను చూస్తూ మిగిలిన హోల్స్ ఆడాలి. 2025లో జరిగింది అదే.

మూడు రోజుల కూడిక

ఆఖరి రౌండుకు ముందు, పేజీ పైభాగంలో మూడు రోజుల మొత్తాలు రాయండి.

మెకిల్రాయ్ 72, 66, 66: మొత్తం 204, మైనస్ 12.
బ్రైసన్ డిషాంబో 69, 68, 69: మొత్తం 206, మైనస్ 10.
రోజ్ 65, 71, 75: మొత్తం 211, మైనస్ 5.

ఈ మూడు లైన్లనే కాసేపు చూడండి. మొదటి రోజు రోజ్ 65, మెకిల్రాయ్ 72, తేడా 7 షాట్లు రోజ్ వైపు. మూడో రోజు ముగిసేసరికి 211కి 204, అదే 7 షాట్లు మెకిల్రాయ్ వైపు. నాలుగో రోజు ఆ ఏడూ కరిగిపోయి ఇద్దరూ సమమయ్యారు. మేజర్‌లో ఒక్క రోజు లీడర్‌బోర్డు చూసి తీర్పు చెప్పేవాళ్లకు ఈ మూడు లైన్లు చూపిస్తే చాలు.

మొదటి రోజు 72 ఎలా వచ్చిందో కూడా రాసిపెట్టుకోవాలి. 14 హోల్స్ వరకు మెకిల్రాయ్ మైనస్ 4లో ఉన్నాడు. 15లో, 17లో రెండు డబుల్ బోగీలు. నాలుగు షాట్లూ అక్కడే పోయాయి. మూడో రోజు దానికి తిరగబడి, మొదటి ఆరు హోల్స్‌లోనూ వరసగా 3 రాశాడు. మీ పేజీలో అది 1లో బర్డీ, 2లో ఈగల్, 3లో బర్డీ, 4లో పార్, 5లో బర్డీ, 6లో పార్ అవుతుంది. అంకె ఒకటే అయినా గుర్తులు వేరు. పార్ వరస పైన రాసుకోకుండా షాట్లు మాత్రం రాస్తే ఈ తేడా కనిపించదు.

ఆఖరి రౌండు, గడి తర్వాత గడి

ఇప్పుడు అసలు పని. మెకిల్రాయ్ కింది వరసలో మొదట మైనస్ 12 రాసి మొదలుపెట్టండి.

1వ హోల్‌లో 6. రెండు చదరాలు, కింద మైనస్ 10. జోడీలో ఉన్న డిషాంబో పార్. రెండు షాట్ల ఆధిక్యం మొదటి పావుగంటలోనే సున్నా. 2వ హోల్ పార్ 5, మెకిల్రాయ్ 5, డిషాంబో బర్డీ. ఇప్పుడు డిషాంబో ఒక షాట్ ముందు. 3లో మెకిల్రాయ్ బర్డీ, డిషాంబో బోగీ. 4లో మళ్లీ అదే. రెండు హోల్స్‌లో నాలుగు షాట్లు అటునుంచి ఇటు మారాయి, మెకిల్రాయ్ మైనస్ 12, డిషాంబో మైనస్ 9. ఒకే జోడీలో ఉన్నవాళ్ల మధ్య ఒక్క హోల్‌లో రెండు షాట్లు మారడం ఎంత తేలికో ఈ నాలుగు గళ్లే నేర్పుతాయి. అందుకే జోడీని పక్కపక్క వరసల్లో రాయమన్నది.

5 నుంచి 8 వరకు నాలుగూ పార్. 9లో బర్డీ. మొదటి తొమ్మిది కూడిక 6, 5, 3, 2, 4, 3, 4, 5, 3, మొత్తం 35. పార్ 36లోంచి ఒకటి తక్కువ, కింది వరస మైనస్ 13. ఇక్కడ ఆగి సరిచూసుకోండి: మొదటి అంకె మైనస్ 12, తొమ్మిది హోల్స్‌లో మైనస్ 1, కలిపితే మైనస్ 13 రావాలి. రాకపోతే ముందుకు వెళ్లకండి. ఇక్కడి తప్పు చివరి దాకా వెంటే వస్తుంది.

10లో బర్డీ, మైనస్ 14. ఆ రోజంతా అతని వరసలో అదే మంచి అంకె. టీవీ ముందున్న చాలామంది ఇక అయిపోయిందనుకున్నది ఇక్కడే. నోటుబుక్ ఉన్నవాళ్లు ఒక పని చేయాలి: పక్కన చిన్న అక్షరాల్లో మిగిలిన హోల్స్‌ను రాయాలి. 11, 12, 13 వరసను ఆమెన్ కార్నర్ అంటారు, మూడింట్లోనూ నీళ్లున్నాయి. 15లో గ్రీన్ ముందు చెరువు, 16లో ఎడమ వైపు చెరువు. ఎనిమిదిలో ఐదింట నీళ్లు. ఆధిక్యం ఎంతైనా అంతసేపు పార్‌లు రాయడం తేలిక కాదు.

11లో బోగీ, మైనస్ 13. అదే హోల్‌లో డిషాంబో బంతి నీళ్లలో పడి డబుల్ బోగీ, అతని రౌండు 75తో ముగిసింది, ఇక అతని వరస ఆపేయవచ్చు. 12లో మెకిల్రాయ్ పార్.

13వ హోల్ దగ్గర పెన్సిలు నెమ్మదిగా కదలాలి. పార్ 5, 545 గజాలు, ఎడమవైపు తిరిగే ఫెయిర్‌వే, గ్రీన్ ముందు వాగు. రెండో షాట్‌కే గ్రీన్ చేరే వీలుంటుంది కాబట్టి బర్డీ దొరికే హోల్. ఆధిక్యం ఉంది కదా అని మెకిల్రాయ్ రెండో షాట్‌ను వాగుకు ముందే ఆపి, మూడోది దగ్గరనుంచి వెడ్జ్‌తో (దగ్గరి దూరాలకు వాడే కర్ర) వేద్దామనుకున్నాడు. ఆలోచన తప్పు కాదు. వంద గజాల లోపు దూరం నుంచి వేసిన ఆ వెడ్జ్ కుడివైపు జారి వాగులో పడింది. ఇక్కడ పెనాల్టీని ఎలా రాయాలో చూడండి: ఆడిన షాట్లు మూడు, నీళ్లలో పడినందుకు పెనాల్టీ ఒకటి, అంటే డ్రాప్ చేసి (బంతిని చేత్తో మళ్లీ నేలమీద వదిలి) వేసేది ఐదో షాట్. అది గ్రీన్ మీదికి, ఆ తర్వాత రెండు పట్‌లు. మొత్తం 7. పెనాల్టీని విడిగా గడిలో రాయరు, షాట్లలోనే కలుపుతారు. మైనస్ 11.

14లో బోగీ. మైనస్ 10. నాలుగు హోల్స్‌లో నాలుగు షాట్లు పోయాయి. అప్పటికి రోజ్ బర్డీల మీద బర్డీలు వేస్తూ చాలా ముందుకు వెళ్లిపోయాడు, ఇంకో పోటీదారు లుడ్విగ్ ఆబెర్గ్ కూడా మైనస్ 10 దాకా వచ్చాడు. తెర మీద చూస్తే మెకిల్రాయ్ చేజారుతున్నట్టే ఉంటుంది. పేజీలో మిగిలిన హోల్స్ గడి చూడండి: రోజ్ అప్పటికే 15 దాటేశాడు. మెకిల్రాయ్‌కి 15 ఇంకా ఉంది, అదీ పార్ 5. ఈ మాట టీవీలో ఎవరూ చెప్పకపోయినా మీ దగ్గర రాసి ఉంటుంది. రెండు మైనస్ 10లు ఒకటి కావు, పార్ 5 ముందున్నవాడి మైనస్ 10 బరువు ఎక్కువ.

15లో ఎడమవైపు చెట్లు దారికి అడ్డం. 7 ఐరన్‌తో (ఇనుప తల ఉన్న కర్ర) బంతిని చెట్లను చుట్టి వచ్చేలా వంచి గ్రీన్ మీద గుంతలోని జెండాకు ఆరడుగుల దూరంలో ఆపాడు. ఈగల్ పట్ పోయింది, బర్డీ దొరికింది. మైనస్ 11. రాత్రంతా ఒక్క షాటే మళ్లీ చూడాలనుకుంటే ఈ షాట్ చూడండి. 16లో పార్. 17లో రెండో షాట్‌ను జెండా పక్కనే దించి బర్డీ, మైనస్ 12.

రోజ్ వరస వేరుగా చూడాలి. మైనస్ 5తో మొదలై 66తో ముగించాడు, 10 బర్డీలు, 4 బోగీలు. పది తీసి నాలుగు కలిపితే మైనస్ 6, పార్ 72లోంచి 66. అంటే పద్దెనిమిదిలో పార్‌లు నాలుగే. ఇలాంటి వరస రాస్తున్నప్పుడు సున్నాలూ చదరాలూ కలిసిపోయి గజిబిజి అవుతుంది, రెండు రంగులు ఎందుకో అప్పుడు తెలుస్తుంది. 18లో సుమారు 20 అడుగుల పట్ వేసి మైనస్ 11తో క్లబ్‌హౌస్‌కి చేరాడు. ఆబెర్గ్ 17లో బోగీ, 18లో ట్రిపుల్ బోగీతో మైనస్ 6కి జారాడు.

కాబట్టి 18వ టీ (హోల్ మొదలుపెట్టే చోటు) మీద మెకిల్రాయ్ లెక్క సూటిగా ఉంది: మైనస్ 12, క్లబ్‌హౌస్‌లో మైనస్ 11. పార్ చాలు. టీ షాట్ బాగా పడింది. రెండో షాట్ వెడ్జ్‌తో, గ్రీన్ కుడి పక్కన ఇసుకలోకి. ఇసుకలోంచి ఐదడుగుల దూరానికి తెచ్చాడు. ఆ పట్ తప్పింది. 5, చదరం, మైనస్ 11. రెండో తొమ్మిది 3, 5, 3, 7, 5, 4, 3, 3, 5, మొత్తం 38. 35, 38 కలిపితే 73. 204కి 73 కలిపితే 277. రోజ్ 211కి 66 కలిపితే 277.

ప్లేఆఫ్‌కి కొత్త గళ్లు

సమమైనప్పుడు ఏం చేయాలో నాలుగు మేజర్లకూ ఒకే నియమం లేదు. మాస్టర్స్‌లో ఒక్కో హోల్‌కి తీర్పు: 18, తర్వాత 10, మళ్లీ 18, అలా. యూఎస్ ఓపెన్‌లో రెండు హోల్స్ మొత్తం, పీజీఏ, ఓపెన్‌లలో మూడు హోల్స్ మొత్తం, అప్పటికీ సమమైతే ఒక్కో హోల్. పేజీ అడుగున మూడు గళ్లు ఖాళీగా ఉంచుకోండి, ఏ మేజర్‌కైనా సరిపోతాయి. ప్లేఆఫ్ షాట్లను 277లో కలపకూడదు. అధికారిక స్కోరు ఇద్దరికీ 277గానే ఉంటుంది.

18కి మళ్లీ వెళ్లారు. ఇద్దరూ ఫెయిర్‌వేలో. రోజ్ రెండో షాట్ జెండాకు సుమారు 15 అడుగుల దూరంలో. మెకిల్రాయ్ అంతకుముందు ఇసుకలోకి పోయిన షాట్‌నే మళ్లీ వేయాలి, దాదాపు అదే చోటు నుంచి, వెడ్జ్‌తోనే. ఈసారి మూడు నాలుగు అడుగుల్లో ఆగింది. రోజ్ పట్ తప్పింది, మెకిల్రాయ్‌ది పడింది. రోజ్ 4, మెకిల్రాయ్ 3. రోజ్‌కి అగస్టాలో ప్లేఆఫ్‌లో ఓడడం అది రెండోసారి, 2017లో సెర్జియో గార్సియా చేతిలో కూడా అలాగే ఓడాడు. 66 కొట్టి ఓడినవాడి వరసను కూడా శుభ్రంగా పూర్తిచేయండి. ఆ పేజీకి సగం విలువ అందులోనే ఉంది.

ఆ ఐదడుగుల పట్ అంత బరువెక్కడానికి కారణం పేజీలో ఉండదు కాబట్టి మార్జిన్‌లో రాయాలి. నాలుగు మేజర్లూ గెలిచినవాళ్లు అప్పటికి ఐదుగురే: జీన్ సారజెన్, బెన్ హోగన్, గ్యారీ ప్లేయర్, జాక్ నిక్లాస్, టైగర్ వుడ్స్. మెకిల్రాయ్ 2011లో యూఎస్ ఓపెన్, 2012లో పీజీఏ, 2014లో ఓపెన్, మళ్లీ పీజీఏ గెలిచాడు. మిగిలింది మాస్టర్స్ ఒక్కటే, దాని కోసం పదేళ్లకు పైగా. 2011లో అదే అగస్టాలో నాలుగు షాట్ల ఆధిక్యంతో ఆఖరి రౌండు మొదలుపెట్టి 80 ఆడాడు. 2025 గెలుపుతో ఆరోవాడయ్యాడు.

లెక్క ఎక్కడ తప్పుతుంది

అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు: వీడియో చూస్తూ రాసేవాళ్లు మధ్యలో లీడర్‌బోర్డు చూసి రాయడం. ఫోనులో వచ్చే వీడియో ఆలస్యంగా నడుస్తుంది, లీడర్‌బోర్డులో అంకె ముందే మారిపోతుంది. అప్పుడు ఒకే హోల్‌ను రెండుసార్లు లెక్కేస్తారు. ఒక హోల్‌కి ఒకే ఆధారం పెట్టుకోండి. ఇద్దరు ముగ్గురు కలిసి చూస్తుంటే ఒకరు వీడియో, ఒకరు రాత, లీడర్‌బోర్డు ఫోను బోర్లించి పెట్టి తొమ్మిది, పద్దెనిమిది దగ్గర మాత్రం తిప్పి సరిచూసుకోవాలి.

రెండోది, టీవీలో చూపించే షాట్ ఎప్పటిదో గమనించకపోవడం. ఒకేసారి చాలా గ్రూపులు ఆడుతుంటాయి కాబట్టి కొన్ని నిమిషాల కిందటి షాట్‌ను ఇప్పుడు చూపిస్తారు. షాట్ చూసి కాదు, హోల్ ముగిశాక వచ్చే స్కోరు చూసి గడి నింపాలి.

మూడోది, చదరం వేయాల్సిన చోట సున్నా వేయడం. నిద్రమత్తులో అందరికీ జరుగుతుంది. తొమ్మిది గళ్ల కూడిక చేస్తే వెంటనే పట్టుబడుతుంది.

గడి తప్పు రాస్తే ఎంత నష్టమో తెలియాలంటే 1968 మాస్టర్స్ చూడండి. ఆఖరి రౌండులో అర్జెంటీనాకు చెందిన రాబర్టో డి విసెంజో 17వ హోల్‌లో 3 ఆడాడు. అతని జోడీలో ఉండి కార్డు రాసిన టామీ ఆరన్ 4 అని వేశాడు. డి విసెంజో చూసుకోకుండా సంతకం పెట్టాడు. ఆడింది 65, కార్డులో 66. ఆడినదానికంటే ఎక్కువ రాసిన కార్డు మీద సంతకం పెడితే ఆ ఎక్కువ స్కోరే నిలుస్తుంది, తక్కువ రాసి పెడితే టోర్నీ నుంచే తొలగిస్తారు. అతని మొత్తం 277 కావాల్సింది 278 అయింది, బాబ్ గోల్బీ 277తో ప్లేఆఫ్ లేకుండానే గెలిచాడు. ఇప్పుడు స్కోర్లు కంప్యూటర్లో వస్తున్నా ఆటగాడు కార్డు సరిచూసుకుని ఒప్పుకోవాల్సిందే.

మిగతా మూడు మేజర్లకు

ఇదే పేజీ పనికొస్తుంది, కాని పార్ వరస కొత్తగా రాయాలి. మాస్టర్స్ ఒక్కటే ప్రతి ఏడాదీ ఒకే చోట జరుగుతుంది, మిగతావి మారుతుంటాయి. 2025 యూఎస్ ఓపెన్ ఓక్‌మాంట్‌లో జరిగింది, పార్ 70. నాలుగు రౌండ్లకు 280. జె.జె. స్పాన్ మైనస్ 1తో గెలిచాడు, ఆఖరి రౌండు మొదటి ఆరు హోల్స్‌లో ఐదు బోగీలు చేసి కూడా. 288 లోంచి తీసే అలవాటుతో 280 కోర్సులో లెక్కేస్తే మొత్తం తలకిందులవుతుంది, అందుకే పేజీ పైన మొదట రాయాల్సింది ఆ కోర్సు పార్.

రాత్రి మేలుకోలేనివాళ్లు జూలైలో ఓపెన్‌తో మొదలుపెట్టడం మంచిది. బ్రిటన్‌తో మనకు అప్పుడు తేడా నాలుగున్నర గంటలే. ఆఖరి జోడీ అక్కడ మధ్యాహ్నం బయలుదేరితే మనకు సాయంత్రం, రాత్రి భోజనాల వేళకు రెండో తొమ్మిది నడుస్తుంటుంది, పదకొండున్నరలోపు పేజీ నిండుతుంది. సముద్రతీరపు గాలి మీద ఆడే ఆట కాబట్టి గజాల వరస కింద గాలి దిశకు ఇంకో వరస గీసుకోండి, ప్రతి హోల్‌కి ఒక బాణం గుర్తు చాలు. ఎదురుగాలి ఉన్న హోల్స్ ఎవరికి మిగిలాయో అందులోనే కనిపిస్తుంది.